మా పిల్ల ఏం నేర్సిందో చూపియ్యి

కొత్తగా ఉద్యోగంలో చేరి, బడిలో అడుగు పెట్టీ పెట్టగానే ఒకటో తరగతి మీ మెడకు చుట్టారని మొహం మాడ్చుకున్న అమ్మాయిలూ, అబ్బాయిలూ, ఇది మీ కోసం రాస్తున్నాను. ఆ తరగతిని ఎవరూ కోరి తీసుకోరు. సీనియర్లు పెద్ద తరగతులు పంచుకుని, ముక్కు కారే పిల్లలను కొత్తవాళ్లకు అప్పగిస్తారు. నేను మాత్రం ఏరికోరి తీసుకున్నాను, రిటైరయ్యేదాకా వదల్లేదు. తోటివాళ్లు దాన్ని త్యాగం అనుకున్నారు. నేనూ కాదనలేదు, మెచ్చుకుంటుంటే అడ్డు చెప్పడం ఎందుకని. అసలు కారణం వేరు. ఆ వయసు పిల్లల బుర్రలో ఏం జరుగుతుందో నాకు చివరిదాకా అంతు పట్టలేదు. అంతు పట్టని పని మీద విసుగు పుట్టదు.

ఇన్నేళ్లలో ఎందరో అధికారులు వచ్చి నా తరగతిని తనిఖీ చేశారు. వాళ్లు వేసిన ప్రశ్నలు ఒక్కటీ గుర్తు లేవు. గొర్రెలు కాచుకునే ఇంటి ఆడమనిషి ఒకామె అడిగిన ప్రశ్న మాత్రం ఇప్పటికీ నన్ను వదల్లేదు.

కల్వకుర్తి దాటి, శ్రీశైలం రోడ్డు దిగి లోపలికి పోతే వచ్చే ఊరు అది. తెలంగాణ వచ్చి, కొత్త జిల్లాలు ఏర్పడిన కొత్తలో నాకు అక్కడికి బదిలీ అయింది. బడి గోడ మీద పాత జిల్లా పేరు ఇంకా చెరగలేదు. రెండు గదులు, ఒక వరండా, ఇద్దరం టీచర్లం. ఒకటి, రెండు తరగతులు నావి. పైవన్నీ హెడ్మాస్టరు గారివి.

ఆయన మంచివాడు. సుద్దముక్క గోరంత అయ్యేదాకా పారేయనిచ్చేవాడు కాదు. ఇంగ్లీషు మీడియం బడి పసుపు బస్సు మా ఊరి మూలమలుపు దాకా వచ్చి పిల్లలను ఎక్కించుకుపోవడం మొదలయ్యాక ఆయనకు నిద్ర కరువైంది. పొద్దున్నే గేటు దగ్గర నిలబడి వచ్చిన తలలు లెక్కపెట్టుకునేవాడు. ఒక్క పిల్ల తగ్గినా బడి మూతకు దగ్గర పడ్డట్టే ఆయనకు. ఇంత ప్రేమ ఉన్న మనిషి ఒకటో తరగతిలో మాత్రం పది నిమిషాలు కూర్చోలేకపోయేవాడు.

"భాగహారం చెప్పమంటె పొద్దంత చెప్త మేడం. గీ పోరగాండ్లతోని నాతోని కాదు. ఒకని ముక్కు తుడిస్తుంటె ఇంకొకడు బలపం మింగుతడు" అనేవాడు.

అబద్ధం కాదు, మింగేవాళ్లు.

నేను చెప్పబోయే పిల్ల బడి తెరిచిన వారంలోనే వచ్చింది. ఒకరోజు తల్లి లేని ఒక గొర్రెపిల్లను చంకలో పెట్టుకుని వచ్చి వరుసలో కూర్చుంది. ఎంత చెప్పినా కింద పెట్టలేదు. హెడ్మాస్టరు గారు కిటికీలోంచి చూసి, "దీని పేరు గూడ రాసుకోండ్రి మేడం, సంఖ్య పెరుగుతది" అని వెళ్లిపోయాడు. వేళాకోళం చేశాడో, నిజంగానే ఆశపడ్డాడో నాకు తెలియదు.

వరికోతలు అయిపోయాయి. ఆ ప్రాంతంలో గొర్రెల వాళ్లకు అది మంద కదిలే కాలం. మా దిక్కు మేత ఎండిపోతుంది కాబట్టి, మేళ్లచెరువు వైపు కాలువ కింది పొలాలకు మందలను తోలుకుపోతారు. కోసిన మళ్లలో గొర్రెలు మేస్తాయి, రాత్రి అక్కడే మంద పెడితే ఆ రైతుకు ఎరువు. మళ్లీ తొలకరికే తిరిగి రావడం. మగవాళ్లు గొర్రెల వెంట నడిస్తే, ఆడవాళ్లు వంట సామానుతో, నడవలేని గొర్రెపిల్లలతో ట్రాలీ ఆటోలో వెనక పోతారు.

ఆ పిల్ల తల్లి ఒకరోజు మధ్యాహ్నం బడికి వచ్చింది. గుమ్మం బయటే నిలబడింది.

"వచ్చే వారం మంద కదుల్తది సారూ. పిల్లను నా ఎంట తోల్కపోత. వానలకు మల్ల వస్తం. పేరు కొట్టెయ్యకుండ్రి."

హెడ్మాస్టరు గారి మొహంలో రక్తం ఇంకిపోయింది. "గట్లెట్లనమ్మా? నడుమల తోల్కపోతె పిల్ల సదువు ఏం గావాలె?" అన్నాడు.

"మీ అత్త ఇంటి కాడనె ఉంటది గద చెల్లె" అన్నాను నేను. "అవ్వ దగ్గర ఉంచి పో. పిల్ల ఇప్పుడిప్పుడే కుదురుకుంటున్నది."

"అది నన్ను ఇడిసి ఎన్నడు ఉండలె మేడం. ఒక్క రాత్రి గూడ ఉండలె. ఏడ్సి ఏడ్సి పాణం మీదికి తెచ్చుకుంటది. మా అత్త ముసల్ది. దానెనుక ఉరుకుతదా?"

"ఇప్పుడు పోతె మొత్తం మర్సిపోతది. మల్ల మొదటికెల్లి రావాలె" అన్నాను.

ఆమె కొంచెంసేపు నా మొహంలోకి చూసింది. "అర్ధ ఏడు బడికొచ్చింది గద మేడం. ఏం నేర్సింది?" అని అడిగింది.

ఎత్తిపొడుపు కాదు. ఆమెకు నిజంగా తెలుసుకోవాలని ఉంది. నేను నోరు తెరిచి, అక్షరాలు వస్తున్నాయనీ, అంకెలు గుర్తు పడుతోందనీ ఏదో అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

"ఇంట్ల అడిగితె ఒక్క మాట చెప్పది. పోయేనాడు మా దొడ్డి కాడికి రాండ్రి. మా పిల్ల ఏం నేర్సిందో చూపియ్యి మేడం. నేర్సినట్టు నాకు కానొస్తె ముసలిదాని కాడ ఇడిసిపెట్టి పోత. లేకుంటె నా ఎంట తోల్కపోత. గంతె."

ఆ సాయంత్రం కల్వకుర్తి బస్సులో కూర్చుని ఆలోచించాను. ఒకటో తరగతిలో ఏం నేర్పాలో నాకు కంఠతా వచ్చు, పాఠ్యప్రణాళిక నిద్రలో అడిగినా చెప్తాను. వాళ్లు ఏం నేర్చుకుంటారో మాత్రం అంత కాలంలో ఎన్నడూ కుదురుగా కూర్చుని చూడలేదు. మర్నాటి నుంచి పాఠం చెప్తూనే చూడటం మొదలుపెట్టాను, పొయ్యి మీద అన్నం ఉడుకుతుంటే మూత తీసి చూసుకున్నట్టు.

చూసేకొద్దీ నాకు వింత పుట్టింది. బడి మొదలైన కొత్తలో "పిల్లలూ, అందరూ పలకలు తీయండి" అంటే ఒక్కరూ కదిలేవారు కాదు. మొండితనం అనుకునేదాన్ని. ఇంట్లో వాళ్లను ఎవరు పిలిచినా పేరు పెట్టి పిలుస్తారు, లేదా "ఒసేయ్ పోరీ" అంటారు. ఆ "అందరూ" అనేవాళ్లెవరో వేరే ఉన్నారనుకుని, వాళ్లు ఎప్పుడు పలకలు తీస్తారా అని మా పిల్లలు దిక్కులు చూసేవాళ్లు. "అందరూ" అంటే అందులో తనూ ఉందని ఆ పిల్లకు ఎప్పుడు తెలిసిందో నాకు తెలియదు. ఇప్పుడు మాత్రం నా మాట పూర్తి కాకముందే పలక తీస్తోంది. అది ఎవరు నేర్పారు? నేనైతే కాదు.

ఇంకొకటి. మనం పిల్లలను అడిగేవన్నీ మనకు జవాబు తెలిసిన ప్రశ్నలే. ఇళ్లలో ఎవరూ అట్లా అడగరు. తెలియకపోతేనే అడుగుతారు. జూన్‌లో నేను చింతగింజలు నేల మీద పోసి, ఎన్ని ఉన్నాయని ఈ పిల్లను అడిగితే, "నువ్వే పోసినవు గద మేడం" అంది. ఎర్ర చాక్‌పీసు చూపించి రంగు అడిగితే, నా కళ్లలోకి జాలిగా చూసి, "నీకు కానొస్తలేదా?" అంది. నేను పగలబడి నవ్వాను. ఆ పిల్ల మాత్రం నవ్వలేదు, పాపం ఈ మేడంకు కళ్లు సరిగా లేవన్నట్టు అప్పటి నుంచి నా చెయ్యి పట్టుకుని వరండా మెట్లు దించేది. దసరా సెలవులు అయ్యేసరికి ఆ పిల్లకు మన మర్మం తెలిసిపోయింది. ఈమెకు అన్నీ కనబడతాయి, ఊరికే అడుగుతుంది, మనమూ ఊరికే చెప్పాలి. ఈ ఆటకు ఒప్పుకోవడం ఎంత పెద్ద చదువో ఆలోచించండి.

కొట్లాటల తీరు కూడా మారింది. మొదట్లో ఎవరైనా బలపం లాక్కుంటే కొరికేవాళ్లు. తర్వాత తర్వాత కొరకబోయి, ఆగి, "మేడం, వీన్ని చూడు" అని కేక పెట్టడం నేర్చారు. ఆ కేకలు భరించలేక నా తల పగిలిపోయేది గానీ, పళ్లకంటే మాట మేలనుకున్నారంటే సంతోషించాల్సిందే. పిల్లల చేతుల మీది పంటిగాట్లు చూసినవాళ్లు నాతో ఏకీభవిస్తారు.

సరే, ఇవన్నీ గొర్రెల దొడ్డి దగ్గర ఎట్లా చూపించడం? మీ పిల్లకు "అందరూ" అంటే ఏమిటో తెలిసిందమ్మా అంటే ఆ తల్లి నన్ను ఏమనుకుంటుంది?

హెడ్మాస్టరు గారికి ఇట్లాంటి చిక్కులు లేవు. ఆయన ఆలోచన సూటిగా ఉంది. "పేరు రాపియ్యుండ్రి మేడం. బిడ్డ పలక మీద తన పేరు తను రాస్తె ఎసొంటి తల్లయిన కరిగిపోతది. నేను ఎంతమందిని చూసిన" అన్నాడు. నాకూ అంతకంటే మంచి ఉపాయం తోచలేదు. ఆ వారమంతా మిగతా పిల్లలకు బొమ్మలు ఇచ్చి, ఈ పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని పేరు దిద్దించాను. బాగానే దిద్దింది. నాలుక బయటపెట్టి, మెడ వంచి, ఒక్కో అక్షరం మట్టిబొమ్మ చేసినంత జాగ్రత్తగా చేసింది. సగం పేరు చూడకుండా రాసేసింది కూడా.

అప్పుడు హెడ్మాస్టరు గారు సంతోషం పట్టలేక తరగతిలోకి వచ్చాడు. పిల్ల పక్కన గొంతుక్కూర్చుని, తల నిమిరి, "శబాష్ బిడ్డా. గిట్లనే రాయి. నువ్వు మంచిగ రాస్తె మీ అమ్మ నిన్ను ఈడనే ఉంచి పోతది" అన్నాడు.

పిల్ల బలపం కింద పెట్టింది.

ఆ తర్వాత ఎంత బతిమాలినా మళ్లీ పట్టుకోలేదు. నేను బెల్లం ముక్క ఇచ్చాను, తిన్నది, బలపం మాత్రం ముట్టలేదు. హెడ్మాస్టరు గారు అలసిపోయిందన్నాడు. దిష్టి తగిలిందని బడి వంటామె ఉప్పు దిగదుడిచింది. ఇద్దరం టీచర్లం, మా ఇద్దరి సర్వీసు కలిపితే ఆ ఊళ్లో సగంమంది వయసు కంటే ఎక్కువ. పిల్ల ఎందుకు రాయడం మానిందో ఇద్దరికీ తట్టలేదు. ఆయన బహుమతి అనుకుని చెప్పింది ఆ పిల్లకు ఎట్లా వినపడి ఉంటుందో, మంద కదిలే రోజున దొడ్డికి నడిచిపోతుంటే దారిలో తట్టింది నాకు. అప్పటికే చాలా ఆలస్యం అయిపోయింది.

దొడ్డి ఊరి చివర. ఎండ ఇంకా చల్లబడలేదు. కంపచెట్ల కంచె లోపల గొర్రెలు కిక్కిరిసి ఉన్నాయి. బయట ట్రాలీ ఆటో, దాంట్లో గంపలు, గిన్నెలు, మడిచిన గొంగళ్లు. కలిసి పోయే ఇళ్లవాళ్లంతా అక్కడే ఉన్నారు. టీచర్లు పలక పట్టుకుని వచ్చారంటే చూడాలని ఊళ్లోవాళ్లు మరికొందరు చేరారు. పిల్ల అవ్వ కంచె పక్కన బండ మీద కూర్చుని ఉంది. తండ్రి గొర్రెల మధ్యలోంచి మాకు దండం పెట్టి, "దాని తల్లి ఎట్లంటె అట్లనే సారూ" అని తన పనిలో పడ్డాడు.

పిల్లను మధ్యలో నిలబెట్టారు. తల్లి ఎదురుగా ఒక గొర్రెపిల్లను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"రాయి బిడ్డా" అన్నాడు హెడ్మాస్టరు గారు, పలక అందిస్తూ. పిల్ల పలక తీసుకుంది. బలపం తీసుకోలేదు.

"పోనీ పాట చెప్తవా?" అన్నాను. పలకను పొట్టకు అదుముకుంది.

"నీ చేతికి ఎన్ని వేళ్లు?" చేతి వైపు చూసుకుంది, గుప్పిట మూసింది.

వద్దులే, ఆపేద్దాం అని నేను ఆయన చెవిలో చెప్పబోయాను. ఆయన వినే స్థితిలో లేడు. పాపం, చెమటలు కారుతున్నాయి. "చెప్పు బిడ్డా, మొన్న రాసినవు గద" అని బతిమాలుతున్నాడు. గుంపులోంచి ఒక పెద్దాయన, "బడికి వొయ్యి ఉన్న మాటలు గూడ మర్సిపొయ్యినట్టుంది" అన్నాడు. అందరూ గొల్లుమన్నారు. చెడ్డ నవ్వు కాదు, పల్లెల్లో నవ్వే నవ్వే. కానీ ఐదారేళ్ల పిల్ల చుట్టూ అంత ఎత్తు మనుషులు నిలబడి ఒక్కసారి నవ్వితే ఎట్లా ఉంటుంది?

పిల్ల కింది పెదవి వణికింది. తల్లి గొర్రెపిల్లను కింద పెట్టి చేతులు చాపింది. పిల్ల పలక పడేసి పరుగెత్తింది. చాపిన చేతుల పక్కనుంచి పోయింది. సూటిగా నా వెనక్కి వచ్చి, నా కొంగు మొహానికి కప్పుకుని, రెండు చేతులతో నా నడుము పట్టుకుంది. వెక్కిళ్లు నా వీపుకు తగులుతున్నాయి.

నవ్వులు ఆగిపోయాయి. తల్లి చేతులు ఇంకా చాచే ఉన్నాయి. నాకు ఎక్కడ చూడాలో తెలియలేదు. ఏదో దొంగిలించి పట్టుబడ్డట్టు అనిపించింది, నిజం చెప్తున్నాను.

హెడ్మాస్టరు గారు ఇవేవీ చూడలేదు. ఆయన పలక ఏరుకుని, దుమ్ము దులుపుతూ, "ఇయ్యాల బుగులు వడ్డది గని, రేపు రాస్తదమ్మా. ఒక్క దినం ఆగు" అంటున్నాడు.

"సాలు సారూ" అంది తల్లి. "సూసిన."

చేతులు మెల్లగా ఒళ్లో పెట్టుకుంది. తర్వాత నాతో అంది:

"ఇది పుట్టిన కాడికెల్లి భయమైతె నా కాడికే వచ్చింది మేడం. వాళ్ల నాయిన దగ్గరికి గూడ వోదు. నేను లేకుంటె ఏడ దాసుకుంటదనే నా ఫికరంత. ఇయ్యాల నీ కాడికి వచ్చింది. ఇంక నేను పోవచ్చు."

అని లేచింది. కొంగుతో మొహం గట్టిగా తుడుచుకుంది. గొర్రెపిల్లలను ఒక్కొక్కటిగా ఎత్తి ట్రాలీలోకి అందించడం మొదలుపెట్టింది. మధ్యలో ఒక్కసారి మాత్రం ఆగి, నా వైపు తిరగకుండానే, "తలల పేన్లున్నయి, జర సూడు" అంది. "పప్పు తినది. కోడిగుడ్డయితె తింటది." ట్రాలీ కదిలేటప్పుడు పిల్ల కొంగులోంచి తల బయటపెట్టి చూసింది. పెద్దగా ఏడ్చింది. అవ్వ వచ్చి ఎత్తుకుంటే ఆమె భుజం మీద కూడా ఏడ్చింది. నా కొంగు మాత్రం వదలకపోవడంతో, ముగ్గురం ఆ ముసలామె ఇంటిదాకా అట్లాగే నడిచాం.

తల్లి వెళ్లిపోతుందని తెలిసి, అది ఆపడానికి బలపం కింద పెట్టిన పిల్ల, సరిగ్గా ఆ ఘడియలో తల్లి దగ్గరికి కాకుండా నా దగ్గరికి ఎందుకు వచ్చిందో నేను ఇప్పటికీ ఆలోచిస్తుంటాను. తల్లి మీద అలిగిందా? బడి వల్ల వచ్చిన కష్టం బడి మనిషే తీర్చాలనుకుందా? "మేడం, వీన్ని చూడు" అన్నట్టు ఆ గుంపు మీద నాకు ఫిర్యాదు చేసిందా? హెడ్మాస్టరు గారిని అడిగితే, "మీరు దగ్గర నిలవడ్డరు మేడం, గంతె" అన్నాడు. అదీ అయి ఉండొచ్చు.

ఆ వేసవిదాకా ఆయన ఫోనుకు తల్లి ఫోన్లు వచ్చేవి. అన్నం తిన్నదా, జరం గిన వచ్చిందా, రాత్రి కలవరిస్తుందా అని అడిగేది. ఏం నేర్చిందని మళ్లీ ఎన్నడూ అడగలేదు. పిల్ల కొన్నాళ్లు రోజూ ఏడ్చింది, తర్వాత అప్పుడప్పుడు ఏడ్చింది, తర్వాత గోడ మీద బొగ్గుతో తన పేరు రాసి హెడ్మాస్టరు గారి చేత చీవాట్లు తిన్నది. తిట్టిన మనిషే ఆ గోడకు ఆ ఏడు సున్నం వేయనివ్వలేదు.

వానలు పడ్డాయి. బడి తెరిచాక ఒక పొద్దున నేను వరండాలో పిల్లలను వరుసగా నిలబెడుతుంటే తల్లి గేటు తీసుకుని వచ్చింది. ఎండకు నల్లబడింది, చిక్కింది, నేరుగా ప్రయాణం నుంచే వచ్చినట్టు కాళ్ల నిండా బురద. పిల్ల చూసింది. మొహమంతా వెలిగింది. ఏం సిగ్గు కమ్ముకుందో ఏమో, గిరుక్కున తిరిగి నా వెనక్కి వచ్చి దాక్కుంది.

తల్లి అక్కడే ఆగిపోయింది. నవ్వబోయింది, కళ్లలో నీళ్లు వచ్చాయి.

"గింత గనం నేర్పమన్ననా మేడం?" అంది.

నేను పక్కకు జరిగాను. పిల్ల ఒక్క క్షణం అట్లాగే నిలబడి, తర్వాత పరుగెత్తింది.